బ్లూబర్డ్ పెట్టెలో పిచ్చుక చేరిందా? గూడు పీకేసి ఊరుకోకండి

అమెరికాలో పెరట్లో బ్లూబర్డ్ అనే చిన్న నీలి పక్షి గూడు కట్టుకోవడానికి చెక్క పెట్టె పెట్టుకున్న మనవాళ్ళ నుంచి ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఒకే రకం ఫోన్లు. "మొన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ చూస్తే గుడ్లు పగిలి కింద పడున్నాయి." నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: పెట్టె తలుపు చివరిసారి ఎప్పుడు తీసి చూశారు? చాలామంది అసలు తీయరు. వంటింటి కిటికీలోంచి చూసి, నీలం రెక్క కనబడితే అంతా బాగుందనుకుంటారు. ముట్టుకుంటే తల్లి గూడు వదిలేస్తుందేమోనని భయం. బ్లూబర్డ్ అంత తేలిగ్గా వదలదు. వారానికి ఒకటి రెండుసార్లు పెట్టెను మెల్లగా తట్టి, తల్లి బయటికి వెళ్ళాక తీసి చూడండి. పిల్లలకు 12 రోజులు దాటాక మాత్రం తీయకండి. అప్పటికి ఎగరడం రాదు, బెదిరి బయటికి దూకేస్తాయి.

పెట్టెలో గూడుంది, ఎవరిదో తెలియడం లేదు

సన్నని గడ్డి లేదా పైన్ ఆకులతో గిన్నెలా శుభ్రంగా అల్లి ఉంటే బ్లూబర్డ్‌ది. గుడ్లు లేత నీలం, ఎప్పుడైనా తెలుపు. నాచు పరిచి ఉంటే చికడీ అనే చిన్న పక్షిది, పుల్లలు కుక్కి ఉంటే రెన్ అనే ఇంకో చిన్న పక్షిది. ముతక గడ్డి, ఈకలు, చిప్స్ ప్యాకెట్ ముక్క, ప్లాస్టిక్ పీచు అన్నీ కలిపి పైదాకా నింపి, ఒక గడ్డిపోచ కన్నంలోంచి బయటికి వేలాడుతుంటే అది పిచ్చుక పనే. దాని గుడ్ల మీద గోధుమ రంగు చుక్కలుంటాయి. ఇది తేల్చుకోకుండా దేన్నీ పీకకండి. బ్లూబర్డ్, చికడీ, రెన్ అన్నిటికీ 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది, గుడ్లున్న గూడు కదిలించడం నేరం. బయటినుంచి వచ్చిన ఊరపిచ్చుకకు ఆ చట్టం వర్తించదు.

వారం వారం పిచ్చుక గూడు పీకేస్తున్నాను, అయినా మళ్ళీ కడుతోంది. ఇప్పుడు పక్క పెట్టెలో బ్లూబర్డ్ పిల్లలు చచ్చిపోయాయి

అసలు చిక్కు ఇదే. అందరూ దెబ్బతినేదీ ఇక్కడే. పిచ్చుక పట్టు గూటి మీద కాదు, పెట్టె మీద. అందులోనూ మగదానికి. నెత్తి మీద బూడిద రంగు, గొంతు కింద నల్ల మచ్చ ఉన్నది మగది. పొద్దున్నే కన్నం అంచు పట్టుకుని ఆగకుండా కిచకిచమంటుంటే ఆ పెట్టె తనదని చాటుకుంటోందన్నమాట. ఆడది పోయినా అది పెట్టెను వదలదు, ఇంకో జోడీని పిలుచుకుంటుంది. మీరు గడ్డి పీకి చెత్తబుట్టలో వేస్తే దానికి పోయిందేమీ లేదు, మళ్ళీ తెస్తుంది. పైగా గూడు పోయిన మగది ఖాళీగా తిరుగుతూ చుట్టుపక్కల పెట్టెల మీద పడుతుంది. గుడ్లు పొడుస్తుంది, పిల్లల తలలు పొడుస్తుంది, గూట్లో కూర్చున్న తల్లి బ్లూబర్డ్‌ను అక్కడే చంపి, దాని మీదే గడ్డి పరిచి గూడు కడుతుంది. ఒక పెట్టెలో గూడు పీకితే రెండో పెట్టెలో చావులు మొదలవడం అందుకే.

కాబట్టి చూడాల్సింది మగదాని సంగతి. మూడు దారులున్నాయి.

మొదటిది, పక్క పెట్టెలో బ్లూబర్డ్ గుడ్లు పెట్టి ఉంటే పిచ్చుక గూడు అలాగే ఉంచి, దాని గుడ్లకు మొక్కజొన్న నూనె పూసి తిరిగి పెట్టేయండి. వాటి నుంచి పిల్లలు రావు, కానీ పిచ్చుక జంట ఆ పెట్టెనే అంటిపెట్టుకుని కూర్చుంటుంది. ఆలోపు బ్లూబర్డ్ పిల్లలు పెద్దవవుతాయి.

రెండోది, పెట్టె లోపల పెట్టే ఉచ్చు. మగదాన్నే పట్టాలి. ఉచ్చు పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోవడం మాత్రం దారుణం. గంటకోసారైనా చూడాలి, బ్లూబర్డో చికడీనో పడితే వెంటనే వదలాలి. రాష్ట్రం, ఊరు నిబంధనలు ముందే చూసుకోండి.

ఇవి రెండూ మీవల్ల కాకపోతే, పిచ్చుక గూడు తీసి కన్నం మూసేయండి, లేదా పెట్టెనే దించేయండి. పిచ్చుకలను పెంచే పెట్టె కంటే పెట్టె లేకపోవడమే బ్లూబర్డ్‌కు మేలు. మగది ఆ చోటు పూర్తిగా వదిలాక, ఇల్లు, గరాజ్, పక్షులకు గింజలు వేసే ఫీడర్లకు దూరంగా, గడ్డి పొట్టిగా ఉన్న బయలులో మళ్ళీ పెట్టండి. బ్లూబర్డ్ ఏడాదికి రెండు మూడు విడతలు గుడ్లు పెడుతుంది, ఆలస్యమైనా వస్తుంది.

పిచ్చుకలు ఇన్ని ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

ఫీడర్ కింద నేల చూడండి. చవక గింజల సంచిలో ఉండేది ఎక్కువగా చిరుధాన్యాలు, మొక్కజొన్న నూక. పిచ్చుకకు అవే ప్రాణం. ఇక మన ఇళ్ళలో మిగిలిన అన్నం, నూకలు పెరట్లో చల్లడం ఉండనే ఉంది. చూరుకు వరికంకులు కట్టి పిచ్చుకను పిలిచే ఊళ్ళ నుంచి వచ్చాం, ఆ మమకారం నాకూ ఉంది. కానీ అక్కడ అది తగ్గిపోతోందని దిగులుపడతాం, ఇక్కడ 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలిన పిచ్చుకల సంతతి ఖండమంతా పరుచుకుంది. పెట్టె పెట్టుకున్నవాళ్ళు అన్నం, నూకలు మానేయాల్సిందే. ఫీడర్‌లో నైజర్ గింజలు వేయండి, పిచ్చుకలు వాటిని అంతగా ఇష్టపడవు. అవి మన అరకు వలిసెలే.

కన్నం చిన్నది చేస్తే సరిపోదా?

సరిపోదు. బ్లూబర్డ్‌కు ఒకటిన్నర అంగుళం కావాలి, అందులో పిచ్చుక హాయిగా దూరుతుంది. ఆ కొలత ఆపేది పిచ్చుక కంటే పెద్దదైన స్టార్లింగ్‌ను మాత్రమే. కన్నం కింద పక్షి వాలే పుల్ల ఉంటే ఇవాళే విరిచేయండి, అది పిచ్చుకకే ఉపయోగం.

బ్లూబర్డ్ గుడ్డు పెట్టింది, పిచ్చుక చుట్టూ తిరుగుతోంది

పెట్టె కప్పు మీద చిన్న చట్రం బిగించి మెరిసే మైలార్ (పల్చటి ప్లాస్టిక్ రేకు) రిబ్బన్లు వేలాడదీయండి, కొసలు కప్పును తాకుతూ ఊగాలి. పిచ్చుకకు వాటి కింద దూరాలంటే బెదురు. అయితే మొదటి గుడ్డు పడ్డాకే కట్టాలి. ముందే కడితే బ్లూబర్డే రాకుండా పోవచ్చు. గుడ్డు పడ్డాక మాత్రం అది సాధారణంగా గూటిని వదులుకోదు, ఒకటి రెండు గంటల్లో రిబ్బన్లకు అలవాటు పడుతుంది. లోపలికి వెళ్ళేదాకా దూరంగా నిలబడి చూడండి. పిల్లలు ఎగిరిపోయాక తీసేయండి. ఏడాదంతా ఉంచితే పిచ్చుక కూడా అలవాటు పడుతుంది.

ఇక గుడ్లు పోవడానికి మిగతా కారణాలు. గూడు చెదరకుండా గుడ్లన్నీ మాయమైతే పాము, గూడు బయటికి లాగి ఉంటే రకూన్ అనే జంతువు. రెండింటికీ స్తంభానికి రేకు గొట్టం బిగిస్తే చాలు. గుడ్లకు చిన్న చిల్లులు పడి, పక్కన పొద ఉంటే రెన్ కావచ్చు, పెట్టెను పొదకు దూరంగా జరపండి, అదీ లోపల గుడ్లు లేనప్పుడే.