తిన్నె మీది గుడ్లకు ఎంత నీరు కావాలి: వేసవిలో నదిని కొలిచే పద్ధతి

గోదావరి, కృష్ణా నదుల నడుమ ఇసుక తిన్నెల మీద రివర్ టెర్న్ పక్షులు మార్చి నుంచి మే దాకా ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. చంబల్ నదిలో గూళ్లు పెట్టే ఇండియన్ స్కిమ్మర్‌లదీ ఇదే పద్ధతి. అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ స్కిమ్మర్‌లు చలికాలంలో మన కాకినాడ తీరంలోనూ కనబడతాయి. పైనుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గుడ్లు మునుగుతాయి. తిన్నెకూ గట్టుకూ మధ్య పారే పాయ ఎండితే తిన్నె గట్టుతో కలిసిపోయి కుక్కలు, నక్కలు, పశువులు వచ్చేస్తాయి. ఈ రెండు హద్దులూ ఎక్కడున్నాయో పక్షులు గుడ్లు పెట్టకముందే, ఫిబ్రవరిలోనే తెలుసుకోవాలి. అభయారణ్యంలోనైతే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి.

నీరు ఎండని చోట సెంటీమీటర్ల గీతలు పెట్టిన ఇనుప కడ్డీ దిగగొట్టండి. కడ్డీ కదిలినా లెక్క పోకుండా, దగ్గర్లోని బండ మీదో వంతెన స్తంభం మీదో రంగుతో గుర్తు పెట్టి, దానికీ కడ్డీకీ ఉన్న ఎత్తు తేడా రాసుకోండి. రోజుకు ఒక్కసారి చూస్తే చాలదు. జలవిద్యుత్ కేంద్రం వదిలే నీరు పూటపూటకూ మారుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి.

తిన్నె ఎత్తుకు మేస్త్రీలు వాడే నీటిగొట్టం సరిపోతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. చూసేటప్పుడు రెండు మూతులూ తెరిచి ఉండాలి. తిన్నె మీద పక్షులు ఎంచుకునే బోడి ఇసుక నీటికి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. కడ్డీ మీద నీరు 35 పెరిగితే గండం గడిచినట్టు కాదు. ఇసుక తడిని పైకి పీలుస్తుంది, సన్న ఇసుకైతే మరీనూ. నీరు తాకకముందే గుడ్డు చల్లబడుతుంది.

పాయ లోతు కొలవడంలో చాలామంది పొరబడతారు. నడిమధ్యలో కర్ర దించి నడుములోతు ఉందని రాసుకుంటారు. కుక్క అక్కడ దాటదు. పాయ పొడవునా నడిచి, గట్టు నుంచి తిన్నెకు అన్నిటికన్నా తేలికైన దారి వెతకండి. ఆ దారిలో అత్యధిక లోతే మీ అంకె. చేపకు లెక్క వేరు. రాళ్ల మీద పలచగా పారే ప్రతిచోటా అడ్డంగా కొలిచి, అక్కడి అత్యధిక లోతు రాయండి. ఆ అంకెల్లో అన్నిటికన్నా చిన్నది చేప ఒంటి ఎత్తుకన్నా తక్కువైతే, పెద్ద చేప మడుగులోనే చిక్కుకుపోతుంది. మన నదుల్లోని పెద్ద జెల్ల జాతి, సిలోనియా చైల్డ్రెని, కూడా అంతరించే ప్రమాదంలో ఉంది. దానికి దారి మూసుకుపోవడం చిన్న సంగతి కాదు.

ఇంజనీర్లు మాట్లాడేది క్యూసెక్కుల్లో, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరో. కాబట్టి ప్రవాహం కూడా కట్టండి. 20 మీటర్ల తిన్నని చోట సగం నీళ్లు నింపిన సీసా వదిలి, గాలి లేని వేళ ఐదుసార్లు సమయం చూడండి. సగటు 50 సెకన్లైతే పైనీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగునీరు నెమ్మదిగా కదులుతుంది కనుక 0.85తో గుణిస్తే 0.34. వెడల్పు 30 మీటర్లు, సగటు లోతు 0.4 అయితే 12 చదరపు మీటర్లు. గుణిస్తే సెకనుకు 4.08 ఘనపు మీటర్లు, అంటే సుమారు 144 క్యూసెక్కులు. ఇలా నాలుగైదు మట్టాల దగ్గర కొలిచి పట్టిక తయారు చేయండి. ఏ మట్టంలో పాయ తెగుతుందో, ఏ మట్టంలో గూడు తడుస్తుందో దాని పక్కనే రాయండి.

వరదలయ్యాక ఈ పట్టిక పనికిరాదు, ఎందుకంటే నది అడుగు మారుతుంది. అలా మారాలి కూడా. ఆగస్టు వరద తుంగనూ రెల్లునూ పెకలించి కొత్త ఇసుక పరవకపోతే రెండు మూడేళ్లలో తిన్నె గడ్డితో కప్పుకుపోతుంది, పక్షులు దాన్ని వదిలేస్తాయి.

గుడ్లు పెట్టాక తిన్నె ఎక్కవద్దు. తప్పనిసరైతే ఉదయం 8 లోపు, పది నిమిషాల్లో ముగించండి. ఎండలో తల్లి లేస్తే గుడ్లు ఉడికిపోతాయి. గూటి పక్కన జెండా పాతవద్దు, కాకులు దాన్ని గుర్తుపడతాయి.