రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్లు ఇంటి తిండి తినడం ఎలా?

రాత్రి తొమ్మిది. గంటన్నర ట్రాఫిక్‌లో నలిగి ఇంటికొచ్చారు. ఫ్రిజ్‌లో బెండకాయలున్నాయి, కోసే ఓపిక లేదు. చెయ్యి ఫోన్ మీదకు పోతుంది, కాసేపటికి ఫ్రైడ్ రైస్ గుమ్మంలో ఉంటుంది. ఏది తింటే మంచిదో తెలియక కాదు. ఆకలేసే వేళకు ఇంట్లో ఏదీ సిద్ధంగా లేకపోవడం వల్ల. అందుకే కింద చెప్పేవి దాదాపు అన్నీ ఆకలి వేయకముందే చేసుకోవాల్సిన పనులు.

1. మూడు రోజులు రాయండి

ఏం తిన్నారు, ఎన్ని గంటలకు. అంతే, క్యాలరీల లెక్క వద్దు. నేను రాసుకున్నప్పుడు దొరికిన దొంగ బిర్యానీ కాదు, టీ. ఆఫీసులో రోజుకు ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచాకు నాలుగు గ్రాములు వేసుకున్నా 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. టీ మానలేదు. మూడుకు తగ్గించి, ఒక్క చెంచాకు దిగాను. మొదటి వారం కషాయం తాగినట్టే ఉంది, తర్వాత అలవాటైపోయింది.

2. బియ్యం కొలవండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీలు అవసరమైన మనిషికి బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. కూరగాయలు, ఆకుకూరలు మాత్రం 400 గ్రాములుండాలి. ఇవన్నీ వండకముందు తూకాలు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అంటే పొద్దున తినే ఇడ్లీతో సహా రోజు మొత్తానికి రెండు కప్పులు కూడా పట్టవు.

మన కంచంలో జరిగేది దీనికి తలకిందులు. మధ్యలో అన్నం గుట్ట, అంచున ఇంత కూర. అన్నం ఒక్కసారే పెట్టుకుని, కూర మారు వడ్డించుకోండి. కూర అంతంత తినాలంటే ఉప్పూకారం కాస్త తగ్గించక తప్పదు. అదీ మంచికే.

3. ఆదివారం ఒక గంట

అసలు పని ఇక్కడుంది.

తోటకూర, పాలకూర కట్టలు విప్పి వేళ్లు కోసేయండి. కడగకండి. తడితో పెడితే త్వరగా కుళ్లిపోతాయి. పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, వండే ముందు కడగండి.

కందిపప్పు ఉప్పు వేయకుండా ఉడికించి, చల్లారాక రెండు డబ్బాల్లో సర్దండి. ఒకటి ఫ్రిజ్‌లో, రెండు రోజుల్లో వాడేయాలి. రెండోది ఫ్రీజర్‌లో. సోమవారం రాత్రి రాగానే కుక్కర్‌లో బియ్యం పడేసి, పక్క పొయ్యి మీద నాలుగు పచ్చిమిరపకాయలతో తోటకూర మగ్గనివ్వండి. ఉడికిన పప్పు, చింతపండు రసం, ఉప్పు వేసి ఒక ఉడుకు రానిచ్చి వెల్లుల్లి పోపు పెట్టండి. అన్నం అయ్యేలోపు పప్పు రెడీ. ఆర్డర్ పెట్టి ఎదురుచూసేంత సేపు కూడా పట్టదు.

మధ్యలో ఒక రోజు పెసరట్టు పెట్టుకోండి. ఇడ్లీ, దోసెల పిండిలా పులియాల్సిన పని లేదు కాబట్టి ఉద్యోగస్తులకు ఇంతకంటే అనువైన టిఫిన్ లేదని నా నమ్మకం. రాత్రి పడుకునే ముందు పెసలు, గుప్పెడు బియ్యం నానేయండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి, సగం పిండి ఫ్రిజ్‌లో దాచండి. రాత్రికి వేడి పెనం మీద రెండు అట్లు, పైన ఉల్లిపాయ ముక్కలు. ఉప్మా మాత్రం ఆదివారానికి ఉంచుకోండి.

4. ఐదు గంటల డబ్బా

సాయంత్రం ఆకలిని పట్టించుకోకపోతే, ముందు క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ, తర్వాత రాత్రి ఫోన్‌లో ఆర్డర్. బ్యాగులో చిన్న డబ్బా ఉండాలి. వేయించిన శనగలు, పల్లీలు, లేదా ఉడికించిన అలసందల గుగ్గిళ్లు. జామకాయైతే డబ్బా కూడా అక్కర్లేదు.

5. నూనెకు నెల లెక్క

అదే మార్గదర్శకాల్లో నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఒకటో తారీఖున అంతే కొనండి. ఇరవయ్యో తేదీకే అయిపోతే, ఎక్కడ ఎక్కువ పోస్తున్నారో మీకే తెలుస్తుంది. మా ఇంట్లో అది వంకాయ వేపుడు.

ఆవకాయ మానక్కర్లేదు. రోజుకు ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదంటారు కాబట్టి, పచ్చడి ఉన్న పూట కూరలో ఉప్పు తగ్గించుకోండి. షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఈ లెక్కలన్నీ ముందు డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి.

6. బయటి తిండికి ఒక రోజు

ఫుడ్ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి, శనివారం రాత్రిని బయటి తిండికి వదిలేయండి. బిర్యానీయే తెప్పించుకోండి. ఇద్దరుంటే ఫ్యామిలీ ప్యాక్ కాకుండా సింగిల్ చెప్పి, ఇంట్లో ఉల్లిపాయ, కీరదోస ముక్కలతో గిన్నెడు పెరుగుపచ్చడి కలుపుకోండి. ఇద్దరికీ సరిపోతుంది, ఆదివారం పొద్దున ఫ్రిజ్‌లో మిగిలిన బిర్యానీ కూడా ఉండదు.