పాత లాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. దాంతో నిక్షేపంలాంటి లాప్‌టాప్‌లు అటకెక్కుతున్నాయి. విండోస్‌లోనే నడిచే ట్యాలీ (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు గానీ, మెయిళ్లకీ యూట్యూబ్‌కీ కొత్తది దేనికి? పాతది అంత నెమ్మదిగా నడవడానికి కారణం చాలావరకు లోపల తిరిగే హార్డ్‌డిస్కే. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే సరి.

కావాల్సినవి: 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (240 జీబీ చాలు), చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, 8 జీబీ పెన్‌డ్రైవ్. ర్యామ్ 4 జీబీకి తగ్గకూడదు. హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఉండనే ఉంది.

1. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో పాత లాప్‌టాప్‌లకి సరిపోయే తేలిక రకం) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఉత్త కాపీ చేస్తే బూట్ అవదు.

2. ఇక విప్పడం. కొంపలు మునిగేది ఇక్కడే.

చార్జర్ పీకండి. బ్యాటరీ బయటికొచ్చే రకమైతే తీసేయండి. లోపలుండే రకమైతే మూత తీయగానే మొదట దాని కనెక్టర్ ఊడదీయాలి. ఆ తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేయకండి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే, చేతులు ఆనించే ప్లాస్టిక్‌ని పొడుచుకుని పైకొస్తుంది. కాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూని ఆ చోటే టేపుతో అంటించండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం కదా అంటారు. ఫొటోలో స్క్రూ పొడుగు తెలియదు.

అన్నీ విప్పినా మూత రాలేదా? బలం చూపించకండి. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ దగ్గర ఇంకో స్క్రూ దాక్కుని ఉంటుంది. అదీ తీశాక, పాత ఏటీఎం కార్డు అంచులో దూర్చి క్లిప్పులు ఒక్కొక్కటే విడిపించండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తారో, విరిగాయే!

మూత లేవగానే లాగేయకండి. కొన్ని మోడళ్లలో కీబోర్డు రిబ్బన్ కేబుల్ పట్టుకుని ఉంటుంది. దాని సాకెట్ మీద సన్నటి నల్ల రెప్ప కనిపిస్తుంది. గోటితో దాన్ని లేపితే కేబుల్ దానంతటదే వదులవుతుంది. ఆ రెప్ప విరిగితే కేబుల్ ఇక నిలవదు.

3. పాత డిస్క్‌ని బయటికి తీసి, దాని బ్రాకెట్‌ని ఎస్‌ఎస్‌డీకి బిగించి, అదే కనెక్టర్‌లోకి తిన్నగా జరపండి. ఊడదీసిన కేబుళ్లు, బ్యాటరీ తిరిగి పెట్టి మూసేయండి.

4. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కండి (చాలావాటిలో ఇదే, హెచ్‌పీలో ఎఫ్9). వచ్చే జాబితాలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపే ఆప్షనే ఎంచుకోండి. పాత డిస్క్ బయటే ఉంది, టెన్షన్ లేదు. పాత విండోస్‌నే క్లోన్ చేసిస్తామని (ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లోకి ఎక్కిస్తామని) షాపులవాళ్లు అంటారు, ఒప్పుకోకండి. అది పాత ఇంటి చెత్తనంతా లారీ కట్టి కొత్తింటికి తోలుకెళ్లడమే. డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం) కూడా వద్దు.

5. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో (డిస్క్‌ని పెన్‌డ్రైవ్‌లా తగిలించుకునే డబ్బా) పెట్టి ఫొటోలు, ఫైళ్లు కాపీ చేసుకోండి. నెల తిరిగేదాకా దాన్ని ఫార్మాట్ చేయకండి. ఫలానా ఫైలేదీ అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు.