కొత్త రకం డిస్కు కోసం ఆగాలా, ఎస్ఎస్‌డీ కొనాలా? గేములు దాచుకునేవారికి ఒక గైడ్

మార్కాపురం పలక ఎంత పెద్దదైనా బలపం పట్టిన చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంతే రాత. గేమ్ డిస్కుల సంగతీ ఇంతే. సీడీలో 700 ఎంబీ, ఒకే పొర ఉన్న డీవీడీలో 4.7 జీబీ, బ్లూరేలో పొరకు 25 జీబీ, ఇప్పటి అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో మూడు పొరలకు కలిపి 100 జీబీ పడుతుంది. పలక పెద్దదవుతూ వచ్చింది కానీ చదివే వేగం దానికి తగ్గట్టు పెరగలేదు. 2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) బ్లూరే డ్రైవ్ సెకనుకు 9 ఎంబీ చదివేది. అందుకే చాలా గేములు కొంత భాగాన్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్నాకే మొదలయ్యేవి. 2013లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చేసరికి గేమ్ మొత్తం హార్డ్ డిస్కులోకి ఎక్కాల్సిందే. అప్పటి నుంచి డిస్కు పని గేము మీదేనని చూపే తాళంచెవి పనే.

గాజు పలకల మీద లేజరుతో రాసే స్టోరేజీ, వందల జీబీలు పట్టే కొత్త డిస్కులు అంటూ వార్తలు వస్తుంటాయి. వాటి కోసం కొనుగోలు వాయిదా వేసుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సిలికా లాంటి గాజు స్టోరేజీ ఒకసారి రాసి ఏళ్ల తరబడి భద్రపరిచే పాత రికార్డుల కోసం ఉద్దేశించింది. రెండు వారాలకో అప్‌డేట్ మింగే గేముకు చెరపలేని పలకతో పనేముంది? గేమ్ ఆడే తీరు మారేది మెషిన్ లోపలి స్టోరేజీ మారినప్పుడే. డబ్బు పెట్టాల్సింది కూడా అక్కడే.

హార్డ్ డిస్కులో ఒక ఫైలు దొరకాలంటే హెడ్ కదిలి, ప్లేటు తిరిగి అక్కడికి రావాలి. దానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఆ వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతు కూడా ఉండదు. హార్డ్ డిస్కులోని ఈ ఆలస్యం తప్పించడానికే గేమ్ తయారీదారులు ఒకే చెట్టు బొమ్మను, ఒకే స్తంభం బొమ్మను ఫైళ్లలో పదే పదే రాసి పెట్టేవారు. కొన్ని ముక్కలు ఒకే గేములో 400 సార్లు ఉండేవని పీఎస్5 రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చి ప్రసంగంలో చెప్పాడు. పీఎస్5 లోపలి ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఎస్ఎస్‌డీ 2.4 జీబీ చదువుతాయి. లోడింగ్ తెర దాచడానికి పెట్టే పొడుగాటి వసారాలు, మెల్లగా కదిలే లిఫ్టులు తగ్గాయంటే కారణం ఇదే.

డిస్కు ఉన్న మోడలా, లేని మోడలా

ముందు మీ ఇంటి ఇంటర్నెట్ లెక్క వేయండి. జీబీలను 8,000తో గుణించి, మీ లైన్ వేగాన్ని ఎంబీపీఎస్‌లో తీసుకుని భాగిస్తే సెకన్లు వస్తాయి. 100 జీబీ గేము 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద 2 గంటల 13 నిమిషాల్లో దిగుతుంది. 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ మీద అయితే 50 రోజులు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు లాయర్‌పేటలోనో మంచి ఫైబర్ ఉన్నవాళ్లకు డిస్కు అవసరం తక్కువ. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో మొబైల్ డేటా మీద నడిచే ఇంట్లో డిస్కు డ్రైవ్ ఉన్న మోడలే తీసుకోండి. డిస్కులో గేము ఎక్కువ భాగం ఉంటుంది కాబట్టి అప్‌డేట్ ఒక్కటే దిగితే చాలు.

ఒక మెలిక ఉంది. డిస్కు పెట్టెలో ఉన్నంత మాత్రాన గేము దానిలో ఉందని నమ్మొద్దు. అట్ట మీద 'ఇంటర్నెట్ తప్పనిసరి', 'డౌన్‌లోడ్ అవసరం' లాంటి చిన్న అక్షరాలు చదవండి. నింటెండో స్విచ్ 2కి వచ్చే గేమ్-కీ కార్డుల్లో గేమే ఉండదు. కార్డు పెట్టి ఉంచాలి, గేమును నెట్ నుంచి దించుకోవాలి. దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు, అంతవరకే లాభం. ఇంకోటి: పీఎస్5 స్లిమ్‌కు విడిగా తగిలించే డిస్కు డ్రైవ్ మొదటిసారి పనిచేయాలంటే నెట్ ఉండాలి. నెట్ లేని ఇంటికి తీసుకెళ్లే ముందు కొన్నచోటే ఒకసారి జత చేయించుకోండి.

ఆడేసిన గేమును తిరిగి అమ్మే, మార్చుకునే అలవాటు ఉంటే డిస్కే మేలు. మేమైతే ఒక్కసారి ఆడి వదిలేసే కథ గేములకు డిస్కు, ఏడాది పొడవునా ఆడే ఆన్‌లైన్ గేములకు డౌన్‌లోడ్ అంటాం. రోజూ ఆడే గేముకు డిస్కు మార్చుకుంటూ కూర్చోవడం విసుగు.

పీఎస్5లో ఎం.2 ఎస్ఎస్‌డీ బిగించడం

మొదటి పీఎస్5లో 825 జీబీ ఉన్నా గేములకు మిగిలేది 667 జీబీ. పెద్ద గేములు ఐదారు పెడితే నిండిపోతుంది. అప్పుడు లోపలి స్లాట్‌లో ఎం.2 అనే పలచటి కార్డు ఆకారపు ఎస్ఎస్‌డీ బిగించుకోవచ్చు. కొనబోయే ఎస్ఎస్‌డీకి ఇవన్నీ ఉండాలి: పీసీఐఈ జెన్4 ఎన్‌వీఎంఈ (మెషిన్‌తో వేగంగా మాట్లాడే పద్ధతి), ఎం-కీ (కనెక్టర్ గాడి రకం), 250 జీబీ నుంచి 8 టీబీ లోపు, చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ లేదా పైన. హీట్ సింక్‌తో (వేడిని లాగే లోహపు రేకు) కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. బోర్డు పైన 8, కింద 2.45 మిల్లీమీటర్లు, వెడల్పు 25 మిల్లీమీటర్లు హద్దు. గేమింగ్ పీసీల కోసం చేసే ఎత్తైన హీట్ సింకులు ఇక్కడే తన్నేస్తాయి. కౌంటర్ మీద ఎం.2 సాటా (పాత, నెమ్మది పద్ధతి) ఎస్ఎస్‌డీ పెట్టి 'ఇదీ అదే అబ్బయా, ఆకారం ఒకటే గదా' అంటే తీసుకోవద్దు. ఆకారం ఒకటైనా సాటా రకం పీఎస్5లో పనిచేయదు. పెట్టె మీద ఎన్‌వీఎంఈ, జెన్4 అనే రెండు మాటలూ ఉండాలి.

ముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. తర్వాత రెస్ట్ మోడ్ కాదు, పూర్తిగా ఆపండి. వైర్లన్నీ తీసి చల్లారనివ్వండి. కింద మెత్తటి టవల్ పరిచి, పాత మోడల్ అయితే స్టాండ్ విప్పి, డిస్కు డ్రైవ్‌కు ఎదురు వైపు కవర్‌ను మూల దగ్గర కొంచెం ఎత్తి జరపండి. స్లిమ్ మోడల్‌లో కవర్లు రెండు ముక్కలుగా ఉంటాయి కాబట్టి దాని పుస్తకం చూసి తీయండి. పొడుగాటి లోహపు మూత కనబడుతుంది. చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో ఆ ఒక్క స్క్రూ విప్పండి. పెద్ద స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ తల అరిగిపోతుంది, తర్వాత అది రాదు.

మూత కింద 30, 42, 60, 80, 110 అని గుర్తులుంటాయి. మామూలుగా దొరికే 2280 (22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు) సైజుకు చిన్న స్పేసర్‌ను 80 దగ్గరికి మార్చాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. స్పేసర్ లేకుండా బిగిస్తే బోర్డు వంగుతుంది, మెషిన్ డ్రైవ్‌ను గుర్తించదు. ఎస్ఎస్‌డీ గాడిని స్లాట్ గాడితో కలిపి, కొంచెం ఏటవాలుగా పెట్టి చివరిదాకా నెట్టండి. బంగారు రంగు కాంటాక్టులు బయటికి కనిపిస్తుంటే ఇంకా లోపలికి పోలేదన్నమాట. పడుకోబెట్టి స్క్రూ బిగించండి. వేళ్లకు ఆగేంత బిగువు చాలు. లోహపు మూత మళ్లీ పెట్టడం మరవొద్దు.

ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. అయ్యాక చదివే వేగం తెర మీద వస్తుంది. ఆ అంకె 5,500 కన్నా కాస్త తగ్గినా కంగారు వద్దు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో ఇన్‌స్టలేషన్ లొకేషన్ తెరిచి కొత్త గేములు ఎం.2లోకి వెళ్లేలా మార్చండి. ఈ ఎస్ఎస్‌డీని తీసి ఇంకో పీఎస్5కి పెడితే మళ్లీ ఫార్మాట్ అడుగుతుంది. అందులోని గేములు పోతాయి.

ఎండ, ఉప్పుగాలి, రాతి దుమ్ము, కరెంటు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పీఎస్5 పనిచేయడానికి సోనీ చెప్పిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో నెల్లూరు ఇంట్లో ఏసీ లేని గది మధ్యాహ్నం ఆ హద్దు దాటేస్తుంది. మెషిన్ ఫ్యాను గది గాలినే లాగుతుంది, గాలే వేడెక్కితే ఏం చేయగలదు? ఎస్ఎస్‌డీ కంట్రోలర్ వేడెక్కితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. గేము మధ్యలో దృశ్యం తటాలున ఆగి కదిలితే ముందు దాన్నే అనుమానించండి. గోడకు కనీసం 10 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. టీవీ స్టాండు గాజు తలుపుల వెనక పెట్టొద్దు. ఎండాకాలం రాత్రి ఆడటమే సుఖం.

చీమకుర్తి, దాని చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర రాతి పొడి ఇంటి దుమ్ములా కాదు, సన్నగా ఫ్యాను రెక్కలకు అంటుకుంటుంది. నెలకోసారి కరెంటు తీసి, దుమ్ము రంధ్రాల దగ్గర వాక్యూమ్ పెట్టి లాగండి. బ్లోయర్ కొడితే ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఇబ్బంది వేరు. ఎస్ఎస్‌డీ కాంటాక్టుల మీద తేమ, ఉప్పు చేరతాయి. తీసినప్పుడల్లా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన పీచు రాలని గుడ్డతో మెల్లగా తుడిచి, ఆరాకే పెట్టండి. రబ్బరు, ఇసుక కాగితం వద్దే వద్దు.

కార్తీకంలో తుపాను వచ్చి కరెంటు పోయి వస్తుంటే గేము ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు జరపొద్దు. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగి, 'రిపేర్' అని చూపిస్తుంది. ఇంటి ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అనే స్విచ్ చాలా మోడళ్లకు ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు ఉంచండి. ఎకోలో ఉంటే మార్పు ఆలస్యమై మెషిన్ ఆగి మళ్లీ లేస్తుంది. విడి యూపీఎస్ కొనాలంటే లెక్క ఇది: ఆటలో పీఎస్5 సుమారు 200 వాట్లు, టీవీ మరో 100. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, మరీ అంచు మీద నడుస్తుంది. 1,000 వీఏ తీసుకుంటే సేవ్ చేసి ఆపేంత సమయం దొరుకుతుంది. రిపేర్ సందేశం పదే పదే వస్తే మెషిన్‌ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ దాకా, అంటే ఏడు సెకన్లు నొక్కి ఉంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డేటాబేస్ రీబిల్డ్ చేయండి.

యూఎస్‌బీ డ్రైవులు, కార్డులు

పాత హార్డ్ డిస్కును పారేయొద్దు. పీఎస్5కి యూఎస్‌బీతో తగిలించి పీఎస్4 గేములు దాని మీదే ఆడొచ్చు. పీఎస్5 గేములు అక్కడ దాచుకోవచ్చు, ఆడాలంటే లోపలికి జరుపుకోవాలి. వేరే ఊరి నెట్ మీద ఇంకోసారి దించుకోవడం కన్నా ఇది నయం. 5 జీబీపీఎస్ పోర్టు, దానికి తగ్గ కేబుల్ వాడండి. యూఎస్‌బీ 2.0 వైరు పెడితే తీసుకోదు. మధ్యలో హబ్ పెట్టినా ఒప్పుకోదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషిన్లదీ ఇదే పద్ధతి. అక్కడ కొత్త గేములు లోపలికి జరపకుండా ఆడాలంటే దాని ఎక్స్‌పాన్షన్ కార్డే కావాలి.

స్విచ్ 2కి గేములు పెట్టాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డు ఒక్కటే పనికొస్తుంది. మామూలు కార్డు సెకనుకు సుమారు 100 ఎంబీ, ఎక్స్‌ప్రెస్ దానికి ఎన్నో రెట్లు. పాత కార్డులోంచి పాత ఫొటోలు, వీడియోలు కాపీ చేసుకోవచ్చు, అంతే. నిజంగా ఆటను మార్చే కొత్త ఫార్మాట్ ఏదంటే మేం చెప్పేది ఇదే. చేతి మెషిన్లలో ఎస్ఎస్‌డీ వేగం కార్డు సైజులో వచ్చింది.

చెన్నై రిచీ స్ట్రీట్‌కు రైలెక్కి వెళ్లి కొనుక్కొచ్చేవాళ్లూ, ఆన్‌లైన్‌లో '16 టీబీ, చౌక' చూసి మోజు పడేవాళ్లూ ఒక పరీక్ష చేయండి. విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివించండి. దొంగ డ్రైవ్ అయితే కొంత నిండాక పాత డేటా మీదే రాస్తుంది, తప్పులు బయటపడతాయి. 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపించడం మాత్రం మోసం కాదు, లెక్క తేడా. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు ఉంటేనే వారంటీ.

పీసీకి ఎంత వేగం చాలు

హార్డ్ డిస్కు నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారితే పెద్ద తేడా. సాటా 550 ఎంబీ నుంచి ఎన్‌వీఎంఈ జెన్4 7,000 ఎంబీకి మారితే గేముల్లో తేడా చిన్నది. జెన్5 14,000 ఎంబీకి డబ్బు పెట్టడం ఇప్పటికి దండగ. 2022లో మైక్రోసాఫ్ట్ పీసీ గేముల కోసం డైరెక్ట్‌స్టోరేజ్ (ఎస్ఎస్‌డీ వేగాన్ని గేములు బాగా వాడుకునే పద్ధతి) విడుదల చేసినా, దాన్ని వాడే గేములు ఇంకా కొన్నే. జెన్4, 1 టీబీ లేదా 2 టీబీ తీసుకుని, పదో వంతు ఖాళీగా ఉంచుకుంటే సరి. క్యూఎల్‌సీ (ఒక్కో గదిలో నాలుగు బిట్లు దాచే చౌక చిప్పు) రకాన్ని చూసి భయపడక్కర్లేదు. గేములు రాసేది తక్కువ, చదివేది ఎక్కువ. ఒకేసారి 300 జీబీ కాపీ చేసినప్పుడు మాత్రం దానిలోని వేగమైన తాత్కాలిక చోటు (కాష్) నిండి వేగం పడిపోతుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పైకే పోతున్నాయి కాబట్టి తగ్గుతాయని కాచుకోవడం లాభం కాదు.

సేవ్ ఫైళ్లు, పక్కన పెట్టిన డ్రైవులు

గేము మళ్లీ దొరుకుతుంది, సేవ్ దొరకదు. పీఎస్4 గేముల సేవ్‌ను యూఎస్‌బీకి కాపీ చేయొచ్చు, పీఎస్5 గేముల సేవ్‌ను విడిగా చేయలేం. పీఎస్ ప్లస్ (సోనీ చందా సేవ) క్లౌడ్ అయినా ఉండాలి, లేదా సెట్టింగ్స్‌లో మొత్తం కన్సోల్ బ్యాకప్ తీసుకోవాలి. మెషిన్ అమ్మే ముందు, సర్వీసుకు ఇచ్చే ముందు ఇది చేయండి.

ఎస్ఎస్‌డీలో డేటా నిలిచేది ఎలక్ట్రాన్ల మీద. బాగా అరిగిన డ్రైవ్‌ను కరెంటు లేకుండా వేడి గదిలో ఏడాది వదిలేస్తే డేటా పోవచ్చు. అటక మీద పెట్టొద్దు. ఆరు నెలలకోసారి తగిలించి కాసేపు నడపండి. డిస్కులను పెట్టెలో నిలబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. మరకైతే మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పితే పడే గీత వెంబడి ఉన్న డేటాను డ్రైవ్ చదవలేకపోతుంది.