స్టుట్‌గార్ట్ వెళ్ళే అమ్మానాన్నలకు: లుడ్విగ్స్‌బుర్గ్ కోటా తోటా ఒక్కరోజులో

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు దానికి దగ్గర్లోని లుడ్విగ్స్‌బుర్గ్ ఊరికి ఒక రోజు పూర్తిగా ఉంచుకోండి. వీసా గురించి ఒక్కమాట. విశాఖ ఎంత దగ్గరైనా మన చిరునామా ఒడిశాది, కాబట్టి మనం జర్మనీ కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

స్టుట్‌గార్ట్ మెయిన్ స్టేషన్‌లో ఎస్4 గానీ ఎస్5 గానీ లోకల్ రైలు ఎక్కితే పావుగంటలో లుడ్విగ్స్‌బుర్గ్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి కోటకి పెద్దవాళ్ళ నడకన ఇరవై నిమిషాలు. ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ఐదుగురి దాకా చెల్లే గ్రూప్ డే టికెట్ కలిసొస్తుంది.

ముందు కోట, తర్వాతే తోట. ఈ వరస తప్పితే రోజంతా తారుమారవుతుంది. రాజుగారి గదుల్లోకి గైడ్ వెంటే పంపుతారు, అదీ చెప్పిన టైముకే. ఇంగ్లీషు టూర్లు జర్మన్ టూర్లకన్నా తక్కువ కనక, ముందురోజే ఆ టైము చూసుకుని దానికి తగ్గ రైలెక్కండి. తోటలో ఫొటోలు దిగుతూ కూర్చుంటే టూర్ దాటిపోతుంది. కోటకీ తోటకీ టికెట్లు వేరు, ఒకటి చూపిస్తే రెండోదానిలోకి రానివ్వరు.

1704లో అక్కడి పాలకుడు డ్యూక్ ఎబర్‌హార్డ్ లుడ్విగ్ వేటవిడిదిగా మొదలుపెట్టింది 1733 నాటికి 18 భవనాలు, 452 గదులు అయింది. లోపల తప్పకుండా చూడాల్సింది 1758 నాటి థియేటర్. మీ టూర్‌లో అది ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగండి. సురభి నాటకాల్లో రెప్పపాటులో దృశ్యం మారడం చూసినవాళ్ళకి దీని విలువ ఇట్టే తెలుస్తుంది. పక్క తెరలన్నీ వేదిక కింద తాళ్ళతో ఒకే ఇరుసుకి కట్టి ఉంటాయి. ఇరుసు తిప్పితే అన్నీ ఒక్కసారే జరుగుతాయి. ఆ పాత యంత్రం ఇప్పటికీ ఉంది.

తోట దాదాపు 30 హెక్టార్లు, అంటే 75 ఎకరాలు. మార్చి మధ్య నుంచి నవంబరు మొదటి రోజుల దాకా తెరిచి ఉంటుంది. కోటకి దక్షిణాన పొట్టి పచ్చకంచెలతో తీర్చిన ముగ్గులాంటి భాగం చూడండి. మన బరంపురం పట్టుచీర కుంభం అంచులాగే ఎడమవైపు ఏముంటే కుడివైపూ అదే. నేలమీద నిలబడితే సగమే తెలుస్తుంది, మేడ కిటికీలోంచి మొత్తం కనబడుతుంది. టూర్‌లో కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కంకర దారులు కనక పల్చటి చెప్పులు వద్దు, బూట్లే మేలు.

మనవలుంటే కథల తోటకి గంటన్నర ఇవ్వండి. అక్కడ గోపురం కింద నిలబడి కథలోని పొడుగు జడ పిల్ల రాపున్‌ట్సెల్‌ని పిలిస్తే జడ కిందికి దిగుతుంది. శరదృతువులో గుమ్మడికాయల ప్రదర్శన ఉంటుంది. 2016లో ఇక్కడ తూచిన కాయ 1,190 కిలోలు, అప్పటికి ప్రపంచ రికార్డు.

పులిహోర డబ్బా తీసుకెళ్ళండి, ఆదివారమైతే మరీనూ, ఆ రోజు దుకాణాలు మూసే ఉంటాయి. బయట తినాల్సివస్తే కేజెష్పెట్స్‌లే అనే చీజ్ నూడుల్స్‌లో మామూలుగా మాంసం ఉండదు గానీ పిండిలో గుడ్డు కలుపుతారు, మాంసం ముక్కలు వేశారేమో కూడా అడిగి తీసుకోండి. మౌల్టాషెన్ అనే కజ్జికాయలాంటి వంటకంలో మామూలుగా మాంసం కూరుతారు. కుళాయి మీద 'కైన్ ట్రింక్‌వాసర్' అని ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు. మరుగుదొడ్లకి చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.

తిరుగురైలుకి ముందు పావుగంట మార్కెట్ చౌకులో ఆగండి. రెండు చర్చిలు ఎదురెదురుగా, చుట్టూ వసారా ఉన్న ఇళ్ళు, నడుమ ఫౌంటెన్ మీద డ్యూక్ విగ్రహం ఉంటాయి.