మాన్యువల్ లెన్స్ పాఠాలు – 3: వ్యూఫైండర్‌లో ఎక్కడ చూడాలి?

పోయిన పాఠంలో లెన్స్ మీది దూరాల అంకెలు, డెప్త్ (ముందు నుంచి వెనక్కి పదునుగా వచ్చే మేర) గీతలు చదవడం నేర్చుకున్నాం. ఈసారి కన్ను పెట్టి ఫోకస్ చేద్దాం. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒక్కటి చాలు (ఎఫ్/ అంకె అపెర్చర్‌ది, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నది). దాన్నే మూడు రకాల కెమెరాలకు తగిలిస్తే, ఒక్కో కెమెరాలో ఒక్కోచోట చూడాలి. ఆ తేడా తెలియకే చాలామంది "మాన్యువల్ ఫోకస్ నా వల్ల కాదు" అని లెన్స్‌ని బీరువాలో పెట్టేస్తారు. మంచి లెన్స్ అలా మూలన పడి ఉండటం నాకు నిజంగా బాధ.

ముందు డయాప్టర్, అంటే వ్యూఫైండర్‌ని మీ చూపుకి సరిచేసేది. ఐపీస్ (కన్ను ఆనించే చోటు) పక్కన చిన్న చక్రం ఉంటుంది. కెమెరాని ఖాళీ గోడ వైపు పెట్టి, లోపల కింది వరసలో కనిపించే అంకెలు పదునుగా తేలేదాకా దాన్ని తిప్పండి. అంకెల్నే చూడండి, గోడని కాదు. ఎఫ్‌ఎం2 లాంటి పాత నికాన్ ఫిల్మ్ కెమెరాలకు ఈ చక్రం ఉండదు. మీ కళ్లద్దాలతోనే చూడాలి, లేదా ఐపీస్‌కి బిగించే కరెక్షన్ లెన్స్ వెతుక్కోవాలి.

1982లో వచ్చిన ఆ ఎఫ్‌ఎం2లోకే చూద్దాం. లోపల బొమ్మ పడే గరుకు స్క్రీన్ నడుమ చిన్న వృత్తం, దాన్ని అడ్డంగా రెండు సగాలు చేసే గీత కనిపిస్తాయి. అదే స్ప్లిట్ ఇమేజ్. దాని మీదికి ఒక కిటికీ ఊచని తీసుకురండి. ఫోకస్ తప్పితే ఊచ పై ముక్క ఒక పక్కకి, కింది ముక్క ఇంకో పక్కకి జరిగి ఉంటాయి. రింగ్ తిప్పుతూ రెండూ కలిసేచోట ఆగండి. ఇక్కడ ఒక అలవాటు చేసుకోండి: కలిసిన చోటుని కొంచెం దాటి, ఊచ అటువైపు విరగడం చూసి, వెనక్కి రండి. అదీ ఒక్కసారే. అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే కన్ను అలిసిపోయి మసకకే అలవాటు పడుతుంది.

మనిషి ముఖంలో నిలువు గీత ఎక్కడ దొరుకుతుంది? కెమెరాని నిలువుగా పట్టుకోండి. అప్పుడు అడ్డగీతలు విరుగుతాయి, కనురెప్ప అంచు సరిగ్గా పనికొస్తుంది. ఏ గీతా దొరక్కపోతే వృత్తం చుట్టూ ఉన్న మైక్రోప్రిజం ఉంగరాన్ని చూడండి. ఫోకస్ తప్పితే అందులో బొమ్మ చిన్న చిన్న ముక్కలై మిలమిలలాడుతుంది, కుదిరితే నిలకడగా ఉంటుంది. ఎఫ్/5.6 లేదా అంతకంటే తక్కువ వెలుతురిచ్చే లెన్స్ పెడితే వృత్తంలో ఒక సగం నల్లబడుతుంది. కెమెరా పాడైందని కంగారుపడకండి. ఆ ప్రిజాలు లెన్స్ అంచుల వైపు నుంచి వచ్చే కిరణాలతో పనిచేస్తాయి, చిన్న రంధ్రం ఉన్న లెన్స్‌లో అవి అందవు. అప్పుడు బయటి గరుకు స్క్రీన్‌నే నమ్ముకోవాలి.

ఇక ఆటోఫోకస్ డీఎస్‌ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా). అసలు చిక్కంతా దీంతోనే. దీని స్క్రీన్‌ని కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్‌తో కూడా వెలుగుగా కనిపించేలా చేశారు, దానికి తగ్గట్టు గరుకుదనం పోయింది. అందుకే ఎఫ్/1.4 లెన్స్ పెట్టినా మీ కంటికి కనిపించే డెప్త్ సుమారు ఎఫ్/2.8ది. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్) మీద 50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరంలో ఎఫ్/1.4కి పదునుగా వచ్చేది మూడు సెంటీమీటర్లే. వ్యూఫైండర్ మాత్రం ఆరు సెంటీమీటర్లు బాగున్నట్టే చూపిస్తుంది. మీ కన్ను బాగుందనుకున్నచోట ఎదుటి మనిషి ముక్కు పదునుగా వస్తుంది, కళ్లు మసకబారతాయి.

కాబట్టి ఇందులో స్క్రీన్‌ని నమ్మొద్దు, చుక్కని నమ్మండి. నికాన్ డీ5600కి పాత ఏఐ (నికాన్ మాన్యువల్ ఫోకస్ రకం) లెన్స్ తగిలిస్తే వెలుతురు కొలిచే మీటరు పనిచేయదు, 'ఎం' (మాన్యువల్) మోడ్‌లోనే తీయాలి. కానీ ఫోకస్ కుదిరినప్పుడు కింద చుక్క వెలుగుతుంది. అది ఒక్క బిందువు దగ్గరే కాకుండా, రింగ్ కొంచెం కదిలినంత మేరా వెలుగుతూనే ఉంటుంది. అటునుంచి వస్తే ఎక్కడ వెలిగింది, ఇటునుంచి వస్తే ఎక్కడ వెలిగింది చూసుకుని మధ్యలో ఆగండి. ఎంచుకున్న ఫోకస్ పాయింట్ కంటి మీదే ఉండాలి సుమా.

మిర్రర్‌లెస్ (అద్దం లేని డిజిటల్ కెమెరా) సులువు. అయితే అందరూ మురిసిపోయే పీకింగ్‌ని, అంటే ఫోకస్‌లో ఉన్నాయనుకున్న అంచులకు కెమెరా రంగు పూయడాన్ని, నేను సగమే నమ్ముతాను. రంగు అంచులు చూపించేది కాంట్రాస్ట్‌ని. పట్టుచీర జరీ అంచు ఫోకస్‌లో లేకపోయినా ఎర్రగా మెరుస్తుంది, మెత్తటి వెలుతురులో కన్ను సరిగ్గా కుదిరినా రంగు రాదు. పీకింగ్‌ని తక్కువలో పెట్టి దగ్గరకు రండి, తర్వాత మాగ్నిఫై నొక్కి కనురెప్ప వెంట్రుకల మీద తేల్చుకోండి. ఎఫ్/8కి తీయాలంటే ముందు అపెర్చర్ రింగ్ తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూయండి. ఎఫ్/2, ఎఫ్/2.8లకైతే తీసే అపెర్చర్‌లోనే ఫోకస్ చేయడం మేలు. ఎందుకంటే కొన్ని పాత లెన్స్‌లలో అపెర్చర్ మూస్తే ఫోకస్ కొద్దిగా జరుగుతుంది.

ఈ వారం సాధన: బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి, మీటరు దూరం నుంచి ఏటవాలుగా చూస్తూ నడిమి హెడ్డింగ్ మీద ఫోకస్ చేయండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి పది ఫొటోలు తీయండి, ప్రతిసారీ రింగ్ పూర్తిగా తిప్పేసి మళ్లీ మొదలుపెట్టండి. పదును ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పడుతుంటే చేతికి అలవాటు చాల్లేదు, ఇంకో పది తీయండి. పదిసార్లూ ఒకే వైపు, దాదాపు ఒకే దూరంలో తప్పుతుంటే మీ చేయి బాగానే ఉంది. అద్దమున్న కెమెరా అయితే స్క్రీన్ గానీ అద్దం గానీ ఉండాల్సిన చోటు నుంచి జరిగి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.