బల్బు నిరోధం, వాట్లు లెక్క కట్టడం ఎలా? (మీటరు కాల్చుకోకుండా)

మనకు అన్నీ కరెంటే. కరెంటు పోయింది అంటాం, కరెంటు బిల్లు అంటాం, కరెంటు కొట్టింది అంటాం. నిజానికి పోయింది వోల్టేజి (కరెంటును తోసే ఒత్తిడి), బిల్లు వచ్చేది వాడిన యూనిట్లకు. ఒంట్లోంచి పారి కొట్టేదే అసలు కరెంటు. ఈ తికమకతోనే మల్టీమీటరు (వోల్టేజి, కరెంటు, నిరోధం కొలిచే చేతి పరికరం) చేతబడతారు కాబట్టి మీటర్లు కాలుతుంటాయి. బెంగళూరులో మా వీధి డిప్లొమా కుర్రాళ్లకు ఏటా ఈ పని చేసి చూపిస్తున్నాను, ఏటా అదే తప్పు చూస్తున్నాను.

కావలసినవి: ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్లు రెండు, జేసీ రోడ్డులో దొరికే 12 వోల్టుల 21 వాట్ల బండి ఇండికేటర్ బల్బు, దాని హోల్డరు, పాత యూపీఎస్‌లోని 12 వోల్టుల బ్యాటరీ, 5 ఆంపియర్ల ఫ్యూజు, నాలుగు క్రొకడైల్ క్లిప్పులు (మొసలి నోటిలా తీగను కరిచిపట్టేవి), ఒక నోటు పుస్తకం. మీటర్లు రెండే ఉండాలి. ఒకదానితో సరిపెట్టుకుంటామనే వాళ్లతో నాకు పేచీ ఉంది, కింద చెబుతాను. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి మాత్రం వెళ్లకండి.

బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి బల్బు, బల్బు నుంచి మైనస్. బల్బు వెలిగిందా? వెలిగితే తీసేయండి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు కరెంటు కొలవాలి. పని చెడేది ఇక్కడే. వోల్టేజి కొలిచేటప్పుడు మీటరు తీగలను బల్బు రెండు కొసలకూ ఆనిస్తాం. కరెంటు కొలవాలంటే దారిని తెంపి, తెగిన చోట మీటరును దూర్చాలి. బల్బులోకి వెళ్లే ప్రతి ఆంపియరూ మీటరులోంచే వెళ్లాలి. పాఠ్యపుస్తకంలో శ్రేణి సంధానం అని చదువుకున్నది ఇదే. పరీక్షలో బొమ్మ తప్పు లేకుండా గీసినవాడు కూడా చేతికి తీగలివ్వగానే బ్యాటరీ రెండు కొసలకూ ఆనిస్తాడు.

ఆనిస్తే ఏమవుతుంది? కరెంటు కొలిచే స్థానంలో మీటరు నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, దాదాపు సున్నా. అంటే బ్యాటరీ కొసలను ఒక లావుపాటి తీగతో కలిపినట్టే. చౌక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి లోపల ఫ్యూజు కూడా ఉండకపోవచ్చు. మనం పెట్టిన 5 ఆంపియర్ల ఫ్యూజు అందుకోసమే, బల్బు కోసం కాదు. దాన్ని బ్యాటరీ ప్లస్‌కు ఆనుకునే పెట్టండి. మీటరు తీగలు ఆ ఫ్యూజు దాటాకే తగలాలి.

నల్ల తీగ ‘కామన్’ రంధ్రంలో, ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో. పక్కనున్న మిల్లీ ఆంపియర్ల రంధ్రం ఈ బల్బును మోయలేదు. తిప్పే మీటను డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. ఫ్యూజుకూ బల్బుకూ మధ్య తీగ విప్పి, అక్కడ మీటరును క్లిప్పులతో బిగించండి. అంకె ఒక్కసారి ఎగిరి దిగుతుంది. నిలకడగా నిలిచాక రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: కొలవడం అయిన మరుక్షణం ఎర్ర తీగను వోల్టేజి రంధ్రంలోకి మార్చేయండి. టీ తాగి వచ్చాక మారుద్దాం అనుకోవద్దు. నా మొదటి మీటరు అలాగే పోయింది. కరెంటు కొలిచి పక్కన పెట్టాను, మర్నాడు బ్యాటరీలో ఎంతుందో చూద్దామని మీట తిప్పి ఆనించాను. మీట తిరిగింది కానీ తీగ పాత రంధ్రంలోనే ఉంది. గదంతా కమురు వాసన.

రెండో మీటరు ఎందుకంటే, కరెంటు పారుతుండగానే బల్బు కొసల దగ్గర వోల్టేజి చూడాలి. బల్బు తగిలించకుండా ఉత్త బ్యాటరీని కొలిచి 12.6 అని రాసేవాళ్లున్నారు. బల్బు వెలిగితే బ్యాటరీ కొంత తగ్గుతుంది, తీగలూ మొదటి మీటరూ కొంత తింటాయి. బల్బుకు చేరిందే మన లెక్కలోకి రావాలి.

బల్బు దగ్గర 12.1 వోల్టులు, కరెంటు 1.76 ఆంపియర్లు వచ్చాయనుకుందాం.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు = 12.1 ÷ 1.76 = దాదాపు 6.9 ఓములు.
సామర్థ్యం = వోల్టేజి × కరెంటు = 12.1 × 1.76 = దాదాపు 21.3 వాట్లు.

లెక్క ఇంతే. ట్యూషన్లలో త్రిభుజం గీసి, మూలల్లో వోల్టేజి, కరెంటు, నిరోధం రాసి, కావలసిన మూలను వేలితో మూసే పద్ధతి నేర్పుతారు. నాకది నచ్చదు. వేలు ఎక్కడ పెట్టాలో గుర్తుంటుంది, వచ్చిన అంకె నమ్మదగినదో కాదో తెలియదు. 5 వోల్టుల చార్జరుకు తగిలించిన చిన్న రెసిస్టరులో 22.7 మిల్లీ ఆంపియర్లు పారితే, ‘మిల్లీ’ మరిచిపోయి 113 వాట్లని రాస్తారు. గోరంత రెసిస్టరు టేబుల్ ఫ్యానును మించి తింటుందా? 22.7ను 1000తో భాగించి 0.0227 చేసుకుంటే 0.11 వాట్లు, 220 ఓములు. సరిపోయింది.

ఇంత శ్రమ ఎందుకు, మీటరును ఓముల స్థానంలో పెట్టి బల్బును నేరుగా చూడవచ్చు కదా అంటారు. చూడండి. ఒక ఓము కూడా రాదు. బల్బు లోపలి చల్లటి టంగ్‌స్టన్ తీగ నిరోధం అది. వెలిగినప్పుడు తీగ కాగి నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వోల్టేజి ఎంత పెరిగితే కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందని 1827లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ ప్రకటించిన నియమం ఉష్ణోగ్రత మారనంతవరకే. పనిచేసే బల్బు నిరోధం కావాలంటే వెలిగించి కొలవాల్సిందే. మొదట అంకె ఎగిరింది కూడా అందుకే.

ఇంటి సామాన్లకైతే కొలవనక్కర్లేదు, వాటి మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగించండి. పీజీ గదుల్లో చలికాలం బకెట్లో వేసే 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్లో కాదు, 16 ఆంపియర్ల పెద్దదాంట్లో పెట్టాలి. ఫ్యాను, మిక్సీ వంటి మోటార్లకు మాత్రం వోల్టేజిని కరెంటుతో గుణిస్తే అసలు వాట్లకన్నా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అక్కడ పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటు ఒకేసారి పెరిగి తగ్గకపోవడం వల్ల వచ్చే తేడా) కూడా కలుస్తుంది. వాటికి ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే వాట్ మీటరు వాడండి.